నందివర్ధనం నీడలో 28 రోజులు



మా ఇంట్లో ఒక కుక్క ఉంది. పేరు బుల్లోడు. ఊరకుక్కే. ఆరేళ్ళ క్రితం ముసురు పట్టిన రోజున కాలవ గట్టు మీద తడిసి ముద్దై వణుకుతుంటే, మా అబ్బాయి చొక్కా విప్పి చుట్టుకుని తెచ్చాడు. గోధుమరంగు ఒళ్ళు, నాలుగు కాళ్ళకీ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు మచ్చలు. పోయిన ఏడాది జూన్‌లో వాడికి పెద్ద జబ్బు చేసింది. అది నయమయ్యేదాకా 28 రోజులు నేను వాడి పక్కనే పెరట్లో కూర్చున్నాను. తెనాలి దగ్గర పల్లెలో మా పెరడంటే ఎంతో లేదు. ఒక బావి, రెండు కొబ్బరిచెట్లు, మునగ, మందారం, గుబురుగా పెరిగిన నందివర్ధనం. పాతికేళ్ళుగా బట్టలారేసుకుంటున్న ఆ జాగాలో ఎవరెవరు కాపురాలు చేస్తున్నారో ఆ 28 రోజుల్లోనే నాకు తెలిసింది. ఆ సంగతే ఇవాళ మీకు చెప్తాను.

మొదటి రెండు రోజులూ నేను పోల్చుకోలేకపోయాను. రోహిణి కార్తె ఎండలు. ఎండకు సోలిపోయాడు, వాన పడితే లేస్తాడు అనుకున్నాను. అన్నం గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి, మర్యాదకన్నట్టు ఒక్కసారి నాకి, వెనక్కి తిరిగిపోయేవాడు. గేటు చప్పుడైతే లేచేవాడు కాదు. మూడోరోజు పొద్దున వాడి ముక్కులోంచి నెత్తురుచుక్క గచ్చు మీద పడింది. పెదవి ఎత్తి చూశాను. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పొట్ట మీద వెంట్రుకలు పలచగా ఉండేచోట గుండుసూది మొనంత ఎర్రచుక్కలు. ఆ రెండు రోజులు పోగొట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే. అందుకే ముందుగా ఇది చెప్తున్నాను. కుక్క తిండి మానేస్తే పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. అర నిమిషం పని.

ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. జ్వరం 104. కుక్కలకు మామూలుగానే ఒంటి వేడి 101 నుంచి 102న్నర దాకా ఉంటుంది కాబట్టి, చెయ్యి పెట్టి చూసి మనం జ్వరం పట్టుకోలేం. రక్తం తీశారు. ప్లేట్‌లెట్లు 38 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు లక్షలు దాటి ఉండాలి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఏమిటో మన ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. నా కాళ్ళలో సత్తువ పోయింది. డాక్టరుగారు వాడి చెవి మడత విప్పి, "ఇటు చూడండమ్మా" అన్నారు. అచ్చం ఆముదపు గింజల్లా, బూడిదరంగులో, రక్తం తాగి ఉబ్బిన పిడుదులు. ఒకటి కాదు, నాలుగు. రోజూ ఆ తల నిమిరిన చేతులు నావే. ఆ మడత లోపల మాత్రం ఎన్నడూ చూడలేదు.

పిడుదు కుడితే రక్తంలోకి చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ సూక్ష్మజీవి పేరు ఎర్లికియా. 1935లో అల్జీరియాలో మొదటిసారి కనిపెట్టారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చుకున్న జాడ తీసే కుక్కలు, కాపలాకుక్కలు వందల్లో దీనికే బలైపోయాయి. అంత శిక్షణ పొందిన కుక్కల్ని పడగొట్టిన జబ్బు మన వీధికుక్కల్లో కూడా బాగా ఉంది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు తాకితే అంటదు. పిడుదే మోసుకుపోవాలి. సకాలంలో పడితే మందు ఉంది. డాక్సీసైక్లిన్ బిళ్ళలు. 28 రోజులు, ఒక్క పూట తప్పకుండా. "నాలుగోరోజుకే లేచి తిరుగుతాడమ్మా, అప్పుడు ఆపేయకండి. ఆపితే జబ్బు ఎముక మజ్జలోకి పోయి కూర్చుంటుంది" అని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు.

మన ఇళ్ళలో కుక్కకు మందు వెయ్యాలంటే ఏం చేస్తాం? పెరుగన్నంలో పెట్టేస్తాం. ఈ మందుకు అది కుదరదు. పాలలో, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అందుకని పొద్దునా రాత్రీ ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కాస్త అన్నంలో పిసికి, ఆ ముద్దలో బిళ్ళ పెట్టి, వెనకే నాలుగు గుక్కల నీళ్ళు తాగించేదాన్ని. నీళ్ళు తాగకపోతే బిళ్ళ గొంతులో అతుక్కుని పుండు పడుతుంది. పెరుగన్నం మధ్యాహ్నానికి మార్చాను. ఉల్లిపాయ తగలకూడదు, అది కుక్క రక్తకణాల్ని చిదిమేస్తుంది. ఉన్న రక్తమే అంతంత మాత్రం.

కీళ్ళు నొప్పి పెడుతున్నట్టు కుంటేవాడు. నా మోకాళ్ళకు వేసుకునే బిళ్ళలు ఇంట్లో ఉన్నాయి. సగం విరిచి వేస్తే ఉపశమనంగా ఉంటుందేమోనని ఫోన్ చేసి అడిగాను. ఆ అడగడమే మంచిదైంది. "ససేమిరా వద్దమ్మా" అన్నారు డాక్టరుగారు. మనుషుల నొప్పి బిళ్ళలు కుక్కల పొట్టలో రక్తం కార్పిస్తాయి. పారాసిటమాల్ కూడా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకైతే చెప్పనే అక్కర్లేదు. పక్కింటి మామ్మగారు మంచి మనసుతోనే, "ఏమే అమ్మాయ్, కిరసనాయిలు పూయవే, పిడుదులన్నీ రాలిపోతాయి" అంది. పిడుదులకంటే ముందు కుక్క చర్మం కాలుతుంది. పోనీ పిడుదును చేత్తో నలిపితే దాని రక్తం మన వేళ్ళకు అంటుతుంది. చిన్న పట్కారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగి, సబ్బునీళ్ళ డబ్బాలో పడేయాలి. వాడు నా ఒళ్ళో తల పెట్టుకుని కదలకుండా పడుకునేవాడు. తొలివారంలో 31 తీశాను.

పరుగెత్తకూడదు, ఎగరకూడదు, దెబ్బ తగలకూడదు. ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. ఇంట్లో ఉంచితే మా అబ్బాయి బండి చప్పుడుకు మెట్లు దూకుతాడు. అందుకని నందివర్ధనం నీడలో గోనెపట్టా పరిచి, పక్కన పీట వేసుకుని నేను కూర్చున్నాను. ఇక ఇద్దరికీ చూడటం తప్ప పని లేదు.

మొదట పలకరించింది ఉడుత. కొబ్బరిచెట్టు మీద తలకిందులుగా వేలాడి, తోక విదిలిస్తూ, గంట కొట్టినట్టు ఒకే వరసలో అరుపు. నేను అది ఊరికే అల్లరనుకునేదాన్ని. బుల్లోడు మాత్రం చెవులు రిక్కించి మునగ మొదలు వైపు చూసేవాడు. రెండు నిమిషాలకు అటునుంచే ముంగిస బయటికి వచ్చేది. మరో రోజు పిల్లి. ఇంకోరోజు బావిపక్క రాళ్ళ మధ్య నుంచి ఆరడుగుల జెర్రిపోతు నెమ్మదిగా జారిపోయింది. ఉడుత అరుపులో దిక్కు ఉందని, అది ఎవరిని చూసి అరుస్తోందో వెతుక్కోవచ్చని ఆ కుక్క చెవులే నాకు నేర్పాయి. తర్వాత తర్వాత ఉడుత గొంతెత్తగానే మా ఇద్దరి తలలూ ఒకేసారి తిరిగేవి.

పదకొండింటికి ఎండ చురుక్కుమనే వేళకు బావి గట్టు మీదికి తొండ వచ్చేది. మెడంతా కుంకుమ పూసినట్టు ఎర్రగా చేసుకుని, ముందుకాళ్ళ మీద లేస్తూ పడుతూ ఉండేది. అది ఆడతొండ కోసం, ఇంకో మగతొండను బెదిరించడం కోసం చేసే పని. చిన్నప్పుడు ఆ ఎరుపు చూసి అది రక్తం తాగుతుందని చెప్పుకుని రాళ్ళు వేసేవాళ్ళం. అది తాగేది రక్తం కాదు, తినేది చీమల్ని, పురుగుల్ని. మందారం దగ్గర తేనెపిట్టకు పువ్వు ముఖద్వారంతో పనే లేదు. అడుగున, తొడిమె పక్కన ముక్కుతో చిల్లి పొడిచి, ఒక్క గుక్కలో తేనె లాగేసి ఎగిరిపోతుంది. అంతవరకు మా మందారాలకు అడుగున చిల్లులెందుకు పడుతున్నాయో నాకు తెలియదు. పురుగు పట్టిందని మందు కొట్టించాలనుకున్నాను కూడా.

బుల్లోడికి పెట్టిన నీళ్ళ గిన్నె చూసి పిట్టలు దిగడం మొదలుపెట్టాయి. వాటికి వేరే మట్టిమూకుడు పెట్టాను. రెండంగుళాల లోతు చాలు, మధ్యలో ఒక రాయి వేస్తే తేనెటీగలు కూడా మునిగిపోకుండా తాగుతాయి. నీళ్ళు మాత్రం రోజూ పారబోసి, మూకుడు తోమి నింపాలి. వారం నిలవుంటే దోమ పిల్లలు రెక్కలతో లేస్తాయి.

ఇక పిగిలిపిట్టల సంగతి. నల్ల తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రమచ్చ, మీ అందరి పెరళ్ళలోనూ ఉంటాయి. మందు మొదలుపెట్టిన మొదటిరోజే వాడిని దువ్వి, ఊడిన బొచ్చు అక్కడే వదిలేశాను. కాసేపటికి ఒక పిగిలిపిట్ట దిగి, ఆ బొచ్చులోంచి నాలుగు వెంట్రుకలు ఏరుకుని, మీసాలు మొలిచినట్టు ముక్కుకు రెండువైపులా వేలాడేసుకుని సరిగ్గా మా నెత్తిమీది కొమ్మల్లోకి పోయింది. అప్పుడు చూశాను గూడు. సన్న వేళ్ళు, ఎండుపుల్లలు, సాలెగూటి దారంతో అల్లిన చిన్న దొప్ప. అడుగున మెత్తగా మా బుల్లోడి గోధుమరంగు వెంట్రుకలు! ఆ సంతోషం ఎలా చెప్పను. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ బొచ్చు ఇంకో బిడ్డకు పక్క అయింది. నాలుగోరోజుకు మొదటి గుడ్డు, ఆరోరోజుకు మూడు. గులాబీతెలుపు మీద ఎర్రమట్టి చిలకరించినట్టు.

దువ్విన మర్నాడు కూడా బొచ్చు పెడదామనుకుంటే డాక్టరుగారు ఆపారు. ఆ రోజు వాడికి పిడుదుల మందు పడింది. 2025లో బ్రిటన్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన పరిశోధన ఒకటి ఆయన చెప్పారు. పెంపుడు జంతువుల బొచ్చు పరుచుకున్న 103 పిట్టగూళ్ళు పరీక్షిస్తే, ప్రతి గూటిలోనూ కుక్కలకూ పిల్లులకూ గోమారి కోసం, పిడుదుల కోసం వాడే ఫిప్రోనిల్ దొరికింది. మందులు ఎక్కువున్న గూళ్ళలో పగలని గుడ్లు, చచ్చిన పిల్లలు ఎక్కువ. మందు పడిన కుక్క బొచ్చు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి. మా గూటిలోకి పోయింది మందు పడకముందు బొచ్చు కాబట్టి నా మనసు నెమ్మదించింది.

అయినా నేను అంతకంటే పెద్ద పొరపాటు చెయ్యబోయాను. పిడుదుల మీద కసితో పురుగుమందుల కొట్టుకు వెళ్ళాను. కుర్రాడు లీటరు సీసా ఇచ్చి, "మేడమ్, ఇది కలిపి పెరడంతా కొట్టించండి, పురుగన్నది మిగలదు" అన్నాడు. డబ్బిచ్చి తెచ్చేశాను. స్ప్రేయరు అడిగి తెచ్చుకుని బావి దగ్గర పెట్టాను. ఆ పూట గట్టు మీద తొండ ఉంది. నీళ్ళ మూకుడు దగ్గర తేనెటీగలు బారులు తీరాయి. పైన పిగిలిపిట్ట గుడ్ల మీద కూర్చుని, నోరు తెరిచి ఎండకు రొప్పుతోంది. "పురుగన్నది మిగలదు" అన్న మాట అప్పుడు నా చెవిలో వేరేగా వినిపించింది. రేపు ఈ పిల్లలకు తల్లి ఏం తెచ్చి పెడుతుంది? పిల్లలకు మొదటి రోజుల్లో కావాల్సింది పురుగే కదా.

మళ్ళీ డాక్టరుగారికే ఫోన్. ఆయన మాట నేను మరిచిపోలేను. "అమ్మా, మీ కుక్కను కుట్టిన పిడుదు గడ్డిలో లేదు, మీ గోడలో ఉంది." గేదెల మీద పిడుదులు వేరు. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు ఇళ్ళను పట్టుకుని బతికేది. కడుపునిండా తాగిన ఆడపిడుదు రాలిపడి, పాకుతూ గోడెక్కి, ఏ పగుల్లోనో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది, నాలుగువేల దాకా. పిల్ల పిడుదు కుక్క మీదికెక్కి తాగి రాలి గోడలోకి పోతుంది, కుబుసం విడిచి మళ్ళీ ఎక్కుతుంది. అలా మూడుసార్లు. తిండి లేకపోయినా నెలల తరబడి కాచుక్కూచుంటుంది. పెరడంతా విషం చల్లినా ఆ పగుల్లోకి పోదు. పోయేది తొండలకు, తేనెటీగలకు, బావినీళ్ళకు.

వరండాలో వాడు రోజూ పడుకునే మూలకు వెళ్ళి టార్చి వేసి చూశాను. తలుపు చట్రానికీ గోడకూ మధ్య సందులో ఆవగింజల్లా బారులు బారులుగా ఉన్నాయి. మేస్త్రీని పిలిచి, సందుల్లో మాత్రమే మందు పట్టించి, సిమెంటుతో పూడ్పించాను. వాడి పరుపు గుడ్డలు వారానికి రెండుసార్లు మరుగునీళ్ళలో ఉడకబెట్టాను. వాడికి వేసిన పిడుదుల బిళ్ళ రక్తంలో ఉండి, కుట్టిన పిడుదును చంపుతుంది. ఆ లీటరు సీసా మూత తియ్యకుండా తిరిగిచ్చేశాను.

నొప్పి బిళ్ళ అడిగిన రోజు డాక్టరుగారు రాబందుల కథ కూడా చెప్పారు. మా చిన్నప్పుడు చచ్చిన గొడ్డును ఊరి బయట పడేస్తే, సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. తెల్లనడుం రాబందులు వందల్లో దిగేవి. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో ఆ రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్. ఆ మందు పడిన గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి రెండు మూడు రోజుల్లో చచ్చిపోయేది. రైతు తన ఎద్దు బాధ చూడలేక వేయించిన సూది అది. అందులో ఎవరి తప్పూ లేదు. ఎవరికీ తెలియదు, అంతే. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు, దానికి బదులు రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా నిషేధంలో చేరాయి. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డాయంటే ఎంత సంబరపడ్డారో తెలుసా? ఒకప్పుడు ఊరికి వంద ఉండేవి మరి. ఈ కథ విన్నాక, మందు సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇది ఇంకెవరి కడుపులోకి పోతుందని అడగడం నాకు అలవాటైంది.

పద్దెనిమిదోరోజున గుడ్లు పగిలాయి. కళ్ళు తెరవని మూడు పిల్లలు, నోళ్ళు మాత్రం తెరిచి. తల్లీ తండ్రీ ఇద్దరూ తిరిగేవి. మధ్యాహ్నం నేను లెక్కపెడితే గంటలో 14 సార్లు వచ్చాయి. ఇరవైమూడోరోజు పొద్దున జెముడుకాకి వచ్చింది. ఎర్రకన్ను, ఇటుకరంగు రెక్కలు. కొమ్మల్లో దొంగలా నడుచుకుంటూ వచ్చి, నేను పీట మీంచి లేచేలోపల ఒక పిల్లను ముక్కున కరుచుకుపోయింది. పిగిలిపిట్టలు రెండూ దాని వీపు మీద పొడుస్తూ వీధి చివరిదాకా వెంటపడ్డాయి. నేను ఏడ్చాను. ఆ సాయంత్రం మునగ అవతలి పొదలోంచి జెముడుకాకి పిల్లల గొంతు వినబడింది. అవి కూడా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నాకేం చెయ్యాలో తోచలేదు, ఏమీ చెయ్యలేదు. మిగిలిన రెండు పిల్లలకు తిండి తేవడం అప్పటికే మళ్ళీ మొదలైంది.

బుల్లోడు లేచాడు. చిగుళ్ళు గులాబీరంగుకు తిరిగాయి. పాలావిడ పిలుపుకు తోక ఊపాడు. ఇరవైఐదోరోజు ఉడుత మీదికి లంఘించబోయి, నేను గదిమితే ఆగాడు. ఇన్నాళ్ళూ తన నెత్తిమీద గూడున్నా పట్టించుకోని వాడికి, బలం రాగానే కన్ను పైకి పోసాగింది. నేను కోరుకున్నది ఇదే, ఇప్పుడు భయపడాల్సింది కూడా ఇదే. ఇరవైఎనిమిదోరోజు రాత్రి ఆఖరి బిళ్ళ. మర్నాడు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు.

ముప్పయ్యోరోజున పిల్లలు గూడు దిగాయి. పిట్టపిల్లలు గూడు వదిలాక రెండు మూడు రోజులు సరిగ్గా ఎగరలేవు, నేలమీదా పొదల్లోనూ గెంతుతుంటాయి. చాలామంది పాపం పడిపోయిందని ఇంట్లోకి తెచ్చి పాలు పోస్తారు. వద్దు. తల్లి పక్కనే ఉంటుంది. దారిలో ఉంటే చేత్తో తీసి పొదలో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. చెయ్యాల్సిందల్లా కుక్కను, పిల్లిని అటు పోనివ్వకుండా చూడటమే. అందుకని వారం పాటు మా వాడిని గొలుసుతోనే పెరట్లోకి తీసుకెళ్ళాను. వాడు గొలుసు లాగి లాగి నా చెయ్యి నొప్పి పెట్టింది. ఆ నొప్పి నాకు హాయిగానే ఉంది. నెల క్రితం వాడు గేటు చప్పుడుకు కూడా లేచేవాడు కాదు.

గూడు దిగిన ఎనిమిదోరోజు పొద్దున చూస్తే రెండు పిల్లలూ మునగకొమ్మ చివర ఉన్నాయి. తోక కింద ఎరుపు ఇంకా పూర్తిగా రాలేదు. తల్లి కూత విని రెండూ ఎగిరి రోడ్డవతలి చింతచెట్టులో కలిసిపోయాయి. నేను గొలుసు కొక్కెం విప్పాను. వాడు ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత బావి చుట్టూ మూడుసార్లు, చెవులు వెనక్కి వాల్చి, దుమ్ము రేగేలా పరుగెత్తాడు. కొబ్బరిచెట్టు మీంచి ఉడుత గొంతెత్తింది. ఈసారి అది ఎవరిని చూసి అరుస్తోందో వెతుక్కోనక్కర్లేకపోయింది.